గోటితో పోయేదానికి గొడ్డలా?



పోయిన ఆదివారం కార్యవర్గ సమావేశంలో మన హెరాల్డ్ కారు మీద చర్చ జరిగింది. పది నిమిషాలు కూడా పట్టలేదు. "గ్రిల్ ఊగుతోంది, పట్టీలు ఊడిపోతున్నాయి, క్లిప్పులు ఎక్కడా దొరకవట. పాత గ్రిల్ తీసేసి ఫైబర్‌తో కొత్తది చేయించి రివెట్లు కొట్టించేద్దాం" అని తీర్మానం రాసేశారు. టింకరింగ్ షెడ్డువాళ్లు ఇచ్చిన ఎస్టిమేటు 18,000 రూపాయలు. వచ్చే నెల సర్వసభ్య సమావేశంలో అది మనందరి ముందుకు వస్తుంది. ఆ తీర్మానాన్ని ఓడించమని అడగడానికే ఈ పోస్టు. పొడుగ్గా ఉంటుంది, ఒక కాఫీ పెట్టుకుని చదవండి.

మేము అంటే ఎవరో చాలామందికి తెలుసు. శనివారం పొద్దున సంఘం వెనక షెడ్డులో ఆ కారు చుట్టూ తిరిగే నలుగురు ముసలివాళ్లం. ఒకరు ఐసీఎఫ్‌లో ఫిట్టరుగా చేసినవారు. ఒకరు బ్యాంకు, ఒకరు బడిపంతులు. ఇది రాస్తున్న చెయ్యి రైల్వే స్టోర్సులో గుమాస్తాది. మాలో కారు మెకానిక్ ఎవరూ లేరు. అయితే తీర్మానం రాసినవారు చెయ్యని పని ఒకటి మేము చేశాం. వరుసగా మూడు శనివారాలు టార్చిలైటు పట్టుకుని బానెట్ లోపలికి దూరి, ఎక్కడెక్కడ ఏం విరిగిందో లెక్కపెట్టాం.

ఆ లెక్క ఇది. గ్రిల్, దాని చుట్టూ ఉన్న మెరుపు పట్టీలు, ముందున్న పేరు అక్షరాలు అన్నీ కలిపి 22 చోట్ల బిగింపు ఉంది. అందులో 8 బాగున్నాయి. 9 చోట్ల స్ప్రింగు క్లిప్పు తుప్పు పట్టి విరిగింది. 3 చోట్ల క్లిప్పే లేదు, ఎవరో ఇనుప తీగ చుట్టారు. 2 చోట్ల అక్షరాల వెనక ఉండే పిన్ను విరిగింది. గ్రిల్ రేకు మాత్రం, ఎడమ మూల ఒక చీలిక తప్పితే, నిక్షేపంగా ఉంది. ఆ చీలిక కథ తర్వాత చెబుతాం.

అంటే చెడిపోయింది గ్రిల్ కాదు, గ్రిల్‌ని పట్టుకునే క్లిప్పులు. మరి పారెయ్యమంటున్నది దేన్ని?

అసలు ఈ క్లిప్పు పని ఏమిటో చూడండి. బొటనవేలి గోరంత స్ప్రింగు స్టీలు ముక్క. మధ్యలో రంధ్రం, దానికి రెండువైపులా లోపలికి వంగిన నాలుకల్లాంటి రెండు అంచులు. గ్రిల్ వెనక ఉన్న పిన్ను మీదికి దీన్ని నొక్కితే ఆ నాలుకలు పిన్నుని కరిచి పట్టుకుంటాయి. ముందుకు సులువుగా పోతుంది, వెనక్కి రాదు. ఇంకో రకం ఇంగ్లీషు యు అక్షరంలా మడిచి ఉంటుంది. రేకు అంచుకి తొడిగి, పీకే స్క్రూ దానిలోకి తిప్పుతారు. కారు కదిలినప్పుడు పుట్టే అదురునంతా ఈ ముక్క మింగుతుంది. గ్రిల్ రేకు దాకా ఆ దెబ్బ పోనివ్వదు. ఎవరైనా తగిలిస్తే ముందు ఊడేది క్లిప్పు, వంగేది క్లిప్పు. ఊడటం కూడా దాని డ్యూటీలో భాగమే. ఫ్యాక్టరీలో పెట్టిన ఉద్దేశమే అది: చవక వస్తువు పోయి ఖరీదైన వస్తువు మిగలాలి.

హెరాల్డ్‌లో దీని అవసరం ఇంకా ఎక్కువ. చాలా కార్లలో బానెట్ మూత ఒక్కటే లేస్తుంది. ఇందులో ముందు భాగం మొత్తం, రెక్కలూ హెడ్‌లైట్లూ గ్రిల్ సహా, ఒకే ముక్కగా ముందుకు వాలుతుంది. ఇంజన్ చూడాలన్నప్పుడల్లా గ్రిల్ నేల చూపు చూస్తుంది. మళ్లీ మూసేటప్పుడు దడాల్న పడుతుంది. 1967 నుంచి ఎన్ని వేలసార్లు ఆ బానెట్ లేచి పడిందో! అన్నిసార్లూ దెబ్బ తిన్నది ఆ గోరంత ముక్కలు. ఇన్నేళ్లు పనిచేసి విరిగితే "ఈ కారు పనికిరాదు" అంటారా? పెళ్లిలో వంటమనిషి అలిసిపోతే పెళ్లికూతురిని మారుస్తామా?

రైల్వేలో పనిచేసినవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. పట్టాని స్లీపరుకి పట్టి ఉంచేది వంచిన స్ప్రింగు కడ్డీ, ఎలాస్టిక్ రైల్ క్లిప్పు. కీమాన్ రోజూ సుత్తి, స్పానరు భుజాన వేసుకుని తన బీటు మొత్తం నడుస్తాడు. వదులైనదాన్ని కొడతాడు, పోయినదాని చోట కొత్తది పెడతాడు. క్లిప్పు పోయిందని పట్టా మార్చిన కీమాన్‌ని మేము సర్వీసులో చూడలేదు. క్లిప్పులతో ఎందుకు, పట్టాని స్లీపరుకి వెల్డింగు కొట్టేద్దాం అన్నవాడినీ చూడలేదు.

మన తీర్మానం అడుగుతున్నది అదే. రివెట్టు కొట్టడం అంటే కదలాల్సినదాన్ని కదలకుండా బిగించడం. దానివల్ల ఏమవుతుందో ఒక్కొక్కటిగా చెబుతాం.

మొదటిది, రివెట్టుకి రంధ్రం కావాలి. పాత రంధ్రాలు సరిపోకపోతే కొత్తవి వేస్తారు, గ్రిల్‌లోనే కాదు, బానెట్ రేకులో కూడా. ఒకసారి వేసిన రంధ్రం వెనక్కి పోదు. అక్కడ రంగు లేచి తుప్పు మొదలవుతుంది. రెండోది, పాప్ రివెట్టు బయటికి అల్యూమినియంలా కనిపిస్తుంది గానీ చాలావాటిలో మధ్యలో తెగి మిగిలేది ఇనుప ముల్లు. చెన్నై గాలిలో రెండు వానాకాలాలు గడిస్తే చాలు, ఆ ముల్లు నుంచి గోధుమరంగు చారలు కారతాయి. మూడోది, అదురు. రివెట్టు మింగదు కాబట్టి ఆ భారమంతా రంధ్రం అంచు మీద పడుతుంది. పలచని రేకు అక్కడే చీలుతుంది. ఫైబరైతే అక్కడే పెళుసుగా పగులుతుంది. నాలుగోది, రేపు రేడియేటరు ముందు ఏదైనా పని పడితే ఆ రివెట్లన్నీ డ్రిల్లుతో కోసి తియ్యాలి. తీసిన ప్రతిసారీ రంధ్రం పెద్దదవుతుంది.

"రివెట్టు వద్దు, ఎం-సీల్ పెట్టి అతికించేద్దాం" అని ఇంకో అన్నగారు గ్రూపులో రాశారు. డబుల్ టేపు అని మరొకరు. అయ్యా, చెన్నై మే నెల ఎండలో మధ్యాహ్నం బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. టేపు జిగురు ఆ వేడికి కారిపోతుంది. ఎం-సీల్ జారదు, నిజమే. గట్టిగా పట్టేస్తుంది. తియ్యాల్సి వచ్చినప్పుడు మాత్రం దాంతోపాటు పిన్నూ రంగూ కూడా ఊడి వస్తాయి. అతికించడం మరమ్మతు కాదు, వచ్చేవాడి నెత్తిన పని వెయ్యడం.

ఇప్పుడు "క్లిప్పులు దొరకవు" అన్న మాటకి వద్దాం. షెడ్డువాళ్లు అన్నారు, కార్యవర్గం నమ్మింది. మేము ఆ షెడ్డు పేరు రాయం. వాళ్ల మీద మాకు కోపమూ లేదు. గ్రిల్ చేసి ఇస్తే 18,000 వస్తాయి, క్లిప్పులు వేస్తే ఏమొస్తుంది? కానీ మనం ఏ ఊళ్లో ఉన్నాం, ఎవరి మాట నమ్ముతున్నాం? 1903లోనే సింప్సన్ కంపెనీ ఆవిరి కారు కట్టి నడిపిన ఊరు ఇది. పాడిలో 1960ల నుంచి సుందరం ఫాస్టెనర్స్ ఉన్న ఊరు. ఆ కంపెనీ బోల్టులతోపాటు రేడియేటరు మూతలు చేసి అమెరికాలో జనరల్ మోటార్స్‌కి పంపింది. పుదుపేటలో పాత కారుని విప్పి ముక్క ముక్కగా వరస పెట్టి అమ్మే ఊరు. ఇక్కడ గోరంత స్ప్రింగు ముక్క దొరకదా?

దొరకదు, "హెరాల్డ్ గ్రిల్ క్లిప్పు ఉందా" అని అడిగితే. ఇక్కడే గుమాస్తా బుద్ధి పనికొస్తుంది. స్టోర్సులో ఇండెంటు మీద వస్తువు పేరు ఒక్కటే రాసి పంపితే వెనక్కి వచ్చేది. కొలతలు రాయాలి, లోహం రాయాలి, వీలైతే నమూనా జత చెయ్యాలి. చాలా చోట్ల పాతది వెనక్కి ఇస్తేనే కొత్తది ఇచ్చేవాళ్లం. ఆ అలవాటు కొద్దీ మేము నాలుగు కొలతలు తీసుకున్నాం. పిన్ను మందం ఎంత, రేకు మందం ఎంత, రేకులో రంధ్రం ఎంత, రంధ్రం నుంచి అంచుకి దూరం ఎంత. వెర్నియరుతో కొలిచి చీటీ మీద రాసి, విరిగిన క్లిప్పుని చిన్న ప్లాస్టిక్ సంచిలో వేసుకుని పుదుపేట వెళ్లాం. మొదటి రెండు దుకాణాల్లో కారు పేరు అడిగి లేదన్నారు. మూడో దుకాణంలో కారు పేరు చెప్పలేదు, సంచీ చీటీ ముందు పెట్టాం. ఆ తంబి రెండు డబ్బాలు కిందికి దించాడు. యు క్లిప్పులు ఇప్పటి కార్లవే సరిపోయాయి. నొక్కుడు క్లిప్పులు జనరల్ పాట్టర్స్ రోడ్డులో దొరికాయి. ఈ క్లిప్పుకి కారు పేరుతో పని లేదు, కొలతతోనే పని.

ఇదంతా ఒక పాత డబ్బా కారు కోసమా అని అడుగుతారు. అడగాలి కూడా. దానికి జవాబు చెబుతాం.

కలకత్తాకి అంబాసిడర్, బొంబాయికి ఫియట్ ఎలాగో మద్రాసుకి స్టాండర్డ్ అలాగ. ఇంగ్లండులో 1959లో ట్రయంఫ్ హెరాల్డ్‌గా వచ్చిన ఈ కారుకి రూపు గీసింది ఇటలీవాడు జొవాన్నీ మికెలోటీ. 1961 నుంచి స్టాండర్డ్ హెరాల్డ్ అన్న పేరుతో మన వండలూరు వైపు ఫ్యాక్టరీలో తయారైంది. నాలుగు తలుపుల హెరాల్డ్ ఇంగ్లండులో లేదు, అది మనవాళ్ల పనితనం. 1972లో దాన్నే గజెల్ చేశారు. 1985లో స్టాండర్డ్ 2000 తెచ్చారు. అది నిలవలేదు, 1988లో ఫ్యాక్టరీ మూతపడింది. అంబాసిడర్ 2014 దాకా తయారైంది కాబట్టి దాని సామాను ఇంకా దొరుకుతుంది. మన కారు గ్రిల్ చేసిన ఫ్యాక్టరీ మూతపడి ముప్పై ఏళ్లు దాటింది. అక్కడి నుంచి ఇక కొత్త గ్రిల్ రాదు. క్లిప్పులు మాత్రం ఎన్నైనా వస్తాయి. ఏది దాచుకోవాలో, ఏది మార్చాలో ఇంతకంటే ఎలా చెప్పాలి?

కోయంబత్తూరు వెళ్లినవాళ్లు జీడీ కార్ మ్యూజియం చూసే ఉంటారు. జి.డి. నాయుడుగారి పేరు మీద ఉన్న ట్రస్టుది. మన భాష ఇంట్లో మాట్లాడుకుని, తమిళనాట యంత్రాలతో పేరు తెచ్చుకున్న మనిషి ఆయన. సభల్లో ఆయన పేరు చెప్పుకుని మనం చప్పట్లు కొడతాం. విప్పి చూడందే ఏ యంత్రాన్నీ వదలని మనిషి పేరు చెప్పుకునేవాళ్లం, ఒక క్లిప్పు విప్పి చూడకుండా గ్రిల్ పారేస్తామా?

కేంద్ర ప్రభుత్వం 2021లో పాత వాహనాలకి వేరే రిజిస్ట్రేషన్ నియమం తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండికి వింటేజ్ గుర్తింపు వస్తుంది. నంబరులో వీఏ అన్న అక్షరాలు ఉంటాయి. ఛాసీ, బాడీ, ఇంజన్‌లలో పెద్ద మార్పులు ఉండకూడదు. గ్రిల్ ఒక్కటి మారిస్తే గుర్తింపు రాదని మేము బెదిరించడం లేదు, అలా రాసి లేదు. అయితే ఈ రోజు గ్రిల్, రేపు బంపరు, ఎల్లుండి డాష్‌బోర్డు అని పోతే మిగిలేది ఆర్సీ పుస్తకం ఒక్కటే.

కోశాధికారిగారి అభ్యంతరం న్యాయమైనది. "పిల్లల స్కాలర్‌షిప్పులకే డబ్బు చాలడం లేదు, కారుకి ఖర్చా?" అన్నారు. సార్, మీతో మేము పూర్తిగా ఏకీభవిస్తున్నాం. అందుకే 18,000 వద్దంటున్నాం. మా లెక్క చూడండి. క్లిప్పులు 30, విడిగా దాచడానికి కొన్ని కలుపుకుని, 450 రూపాయలు. స్టెయిన్‌లెస్ స్క్రూలు, నైలాన్ వాషర్లు 380. రబ్బరు ప్యాకింగు 300. రెండు పిన్నులు వెయ్యడానికి ట్యాపు, డ్రిల్లు బిట్టు 520. గ్రీజు, కిరసనాయిలు, ఎమెరీ పేపరు 250. మొత్తం 1,900. కూలి లేదు, మా కాఫీ మేమే తాగుతాం. మిగిలిన 16,100 ఒక అమ్మాయి ఫీజుకి ఇవ్వండి. పొదుపు పేరు చెప్పి ఖరీదైన పని తీర్మానించడమే మాకు అర్థం కాలేదు.

"వెనక ఉండే క్లిప్పు ఎవరికి కనిపిస్తుంది? ముందు నుంచి మెరిస్తే చాలదా?" అన్నారు ఇంకొకరు. కనిపించదు. ఇంటి పునాదీ కనిపించదు. కనిపించనిచోట ఏం చేశామన్నదే మన పనికి కొలత. పైపైన మెరిపించి నడిపించడం ఇప్పుడు అన్నిచోట్లా ఉంది, మన సంఘంలోనూ ఉంది. వార్షికోత్సవానికి వేదిక మెరుస్తుంది, వెనక నీళ్ల పంపు కారుతుంది. ఎవరి మనసైనా నొచ్చితే క్షమించండి, కానీ అబద్ధమైతే చెప్పండి.

ఇక ఆ ఎడమ మూల చీలిక సంగతి. ఆ తప్పు మాదే. కొన్నేళ్ల కిందట ఉగాదికి ముందు రోజు రాత్రి ఆ మూల ఊగుతుంటే, ఓపిక లేక, ముందు నుంచే రంధ్రం పొడిచి ఒక పీకే స్క్రూ బిగించాం. తెల్లవారి ఊరేగింపు బాగానే జరిగింది. అందరూ మెచ్చుకున్నారు. ఏడాది తిరిగేసరికి ఆ స్క్రూ దగ్గర నుంచి అంగుళం పొడవు చీలిక. స్క్రూ విరగలేదు, క్లిప్పు విరగలేదు, గ్రిల్ చీలింది. ఒక్క స్క్రూ చేసిన పని అది. ఇప్పుడు తీర్మానం అడుగుతున్నది అలాంటివి 22. మేము చేసిన తప్పుని సంఘం డబ్బుతో 22 సార్లు చెయ్యొద్దని చెప్పే హక్కు, ఇంకెవరికి ఉన్నా లేకపోయినా, మాకు ఉంది.

పని ఎలా చేస్తామో కూడా చెబుతాం. రేపు మేము లేకపోయినా ఎవరైనా చెయ్యాలి గదా.

ముందు ఫొటోలు. విప్పకముందు ప్రతి బిగింపునీ వెనక నుంచి ఫొటో తీసి నంబరు వేస్తాం. తర్వాత ప్రతి క్లిప్పు మీదా తుప్పు వదిలే నూనె వేసి రాత్రంతా వదిలేస్తాం. తొందరపడి స్క్రూడ్రైవరుతో ఎత్తితే పిన్ను విరుగుతుంది. అక్షరాల పిన్నులు జింకు పోతవి, మెలితిప్పితే సుద్దముక్కలా టపీమంటాయి. కాబట్టి పాత క్లిప్పుని తిప్పం, చిన్న కట్టరుతో దాన్నే కోస్తాం. ఒకసారి తీసిన నొక్కుడు క్లిప్పుని మళ్లీ వాడం, దాని నాలుకలకి పట్టు పోయి ఉంటుంది.

విరిగిన రెండు పిన్నుల చోట లోహం మందం కొలిచి, బిట్టుకి లోతు గుర్తుగా టేపు చుట్టి, కొద్ది లోతే డ్రిల్లు వేస్తాం. అటువైపు దూసుకుపోతే అక్షరం ముఖం పోయినట్టే. మర వేసి సన్నని స్టడ్డు ఎక్కిస్తాం. ఇది మా ఐసీఎఫ్ అన్న చేతి పని, మిగతా ముగ్గురం టార్చి పట్టుకుంటాం. చీలిక చివర చిన్న రంధ్రం వేసి అది ఇంకా పాకకుండా ఆపి, వెనక నుంచి పలచని పట్టీ వేస్తాం.

ఇనుమూ అల్యూమినియమూ ఉప్పుగాలిలో ఒకదానికొకటి తగిలితే అల్యూమినియం తెల్లగా పొడి రాలి తినేసుకుంటుంది. స్టెయిన్‌లెస్ స్క్రూ వేసినా అంతే, స్క్రూ బాగుంటుంది, దాని చుట్టూ రేకు పోతుంది. మధ్యలో నైలాన్ వాషరు, కొంచెం గ్రీజు తప్పనిసరి. బీచికి ఇంత దగ్గర్లో ఇది మర్చిపోతే మిగతా పనంతా వృథా. చివరికి బిగించేటప్పుడు ఒక మూల పూర్తిగా బిగించి రెండో మూలకి పోకూడదు. అన్నీ వదులుగా పట్టించి, గ్రిల్ మధ్యకి వచ్చిందో లేదో చూసి, ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా బిగించాలి. డబ్బా మూత రేకు కత్తిరించి క్లిప్పులు చేద్దాం అని ఉత్సాహపడే తమ్ముళ్లకి ఒక మాట: మామూలు రేకు వంగితే వంగినట్టే ఉంటుంది. స్ప్రింగు స్టీలే కావాలి.

చివరగా ఒక విషయం. ఈ కారు మనం కొన్నది కాదు. పెద్దాయన పోయాక వాళ్ల ఇంటివాళ్లు సంఘానికి ఇచ్చారు. పెద్దమ్మగారు తాళం చేతిలో పెడుతూ అడిగింది ఒక్కటే: "దాని మొహం మార్చకండి నాయనా." అప్పుడు తల ఊపింది మేము నలుగురమే కాదు, అప్పటి కార్యవర్గం అంతా ఊపింది. ప్రతి ఉగాదికి పంచాంగం చదివే శాస్త్రిగారు ఆ కారులోనే వస్తారు. ఆమె వరండాలో కుర్చీ వేసుకుని చూస్తారు. ఇప్పుడు ఆమెకి చూపు సరిగా లేదు. కానీ ఆ కారు ముందుకి వచ్చి ఆగితే, లేచి వచ్చి గ్రిల్ మీద చెయ్యి వేసి తడుముతారు. ఆ చేతికి ఫైబరు తగలాలా?

కాబట్టి సర్వసభ్య సమావేశంలో మేము మూడు కోరతాం. ఒకటి, ఫైబరు గ్రిల్ తీర్మానాన్ని రద్దు చెయ్యాలి. రెండు, 1,900 రూపాయలు మంజూరు చేసి నాలుగు శనివారాలు మాకు వదిలెయ్యాలి. బిల్లులు, మిగిలిన క్లిప్పులు, విరిగిన పాతవి అన్నీ సంచీల్లో పెట్టి కోశాధికారిగారికి అప్పగిస్తాం. మూడు, కొలతల చీటీని సంఘం రిజిస్టరులో అంటించాలి. ఒకవేళ సభ కారునే అమ్మేద్దామంటే అది సభ ఇష్టం. అప్పుడైనా అసలు గ్రిల్‌తో, మొహం మార్చకుండా అమ్మండి.

మా మాట మీద నమ్మకం లేనివారు ఈ శనివారం పొద్దున ఏడింటికి షెడ్డుకి రండి. పిల్లల్ని తీసుకురండి. టార్చి తెచ్చుకోండి, వెనక నుంచి మీరే చూడండి. ఆ తర్వాత చెయ్యి ఏ వైపు ఎత్తాలో మీ ఇష్టం.

ఇట్లు,
శనివారం షెడ్డు నలుగురం